మైల రోజుల్లో మాత్ర

మా ఊళ్లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ ఒక్కటే. ఇద్దరో ముగ్గురో పుట్టాక ఆడవాళ్లు వెళ్లి చేయించుకుని, పొట్ట పట్టుకుని ఆటో దిగుతారు. ఇంకో పని మీద ఆ సెంటరు గడప తొక్కే ఆడది ఉంటుందని మా వాళ్లకి తోచదు. అందులోనూ మాది గుజరాత్ బోట్ల మీద బతికే ఊరు. మగాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే వలలు లాగుతుంటారు. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి పిల్లలు పుట్టకుండా మందెందుకు? అడిగిన పాపానికే పరువు పోతుంది. అందుకని ఎవరూ అడగరు. మా మావగారు పోయిన ఆ వారం దాకా నేనూ అడగలేదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది అది. నౌపడ దాటాక ఉప్పుమళ్ల పక్కనుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో మా ఊరు. డిగ్రీ మధ్యలో మాన్పించి నాకు పెళ్లి చేశారు. చదువుకున్న కోడలని అత్త మొదట్లో మురిసింది, తర్వాత అదే మాటతో దెప్పింది. మాకు మూడేళ్ల పాప. అంతకు ముందటేడు రెండో కాన్పులో గర్భసంచి చిరిగిపోయింది. బిడ్డ దక్కలేదు, మగబిడ్డ. నన్ను విశాఖ తీసుకెళ్లి బతికించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా మంచం మీద కూర్చుని, "కొన్నేళ్ల దాకా కడుపు మాట తలపెట్టకు. ఆ కుట్టు మళ్లీ విడిపోతే నిన్ను దక్కించడం ఎవరి వల్లా కాదు" అని చెప్పింది. మా ఆయన పక్కనే ఉన్నాడు, విన్నాడు. అత్త బయట వరండాలో ఉంది. మగపిల్లాడు పోయాడని గుండెలు బాదుకుంటున్న ఆ మనిషికి, కొన్నాళ్లు ఆగమన్నారని మాత్రం చెప్పి ఊరుకున్నాం.

ఆ తర్వాత ఆయన మళ్లీ గుజరాత్ వెళ్లిపోయాడు. ఆయనక్కడ, నేనిక్కడ. ఇంతకన్నా గొప్ప నియంత్రణ ఏ సెంటరు వాళ్లిస్తారులే అని నవ్వుకునేదాన్ని.

మావగారు జ్వరమని పడుకుని లేవలేదు. మా ఆయన గుజరాత్ నుంచి రైళ్లు మారి వచ్చేదాకా శవాన్ని ఐసుపెట్టెలో ఉంచాం. మా వాళ్లలో కొరివి పెట్టిన కొడుకు పెద్దదినం దాకా ఊరి పొలిమేర దాటకూడదు. చాప మీదే పడుకోవాలి, ఒంటిపూటే తినాలి, పెళ్లాం చెయ్యి కూడా తగలకూడదు. ప్రాణం పోయిన చోట పెట్టిన దీపం ఆరకూడదు. పెద్దదినం దాకా పోయిన మనిషి ఆ ఇంటి చూరు పట్టుకునే ఉంటాడని, అన్నీ చూస్తుంటాడని మా నమ్మకం.

అలాంటి రోజుల్లో ఒక రాత్రి, నేను పాపతో పడుకున్న వంటపాకలోకి మా ఆయన వచ్చాడు. ఆఖరి చూపుకి అందలేకపోయానని నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడుస్తున్నాడు. నేను దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చే మనిషికి మైల గుర్తుచేసి తోసెయ్యడం నాకు రాదు. తర్వాత జరిగింది జరిగింది. దాన్ని పాపమని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ తెల్లారేసరికి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. పెరట్లో నూతి దగ్గర ఆయన ఒంటరిగా దొరికితే అడిగాను.

"బావా, నాకేటైనా అయితే? ఆ మాత్రేదో తెచ్చుకోవాల."

ఆయన చుట్టూ చూశాడు. "ఒక్కపాలికే ఏటైపోతాదే. ఆ మాటెత్తకు. నాన్న సూస్తన్నాడు."

నాన్న చూస్తున్నాడట! రాత్రి ఆ నాన్న ఎక్కడికి పోయాడని అడుగుదామనుకున్నాను. వాడిపోయిన ఆ మొహం చూసి నోరు రాలేదు. అయినా పొలిమేర దాటకూడని మనిషి మాత్ర ఎక్కడినుంచి తెస్తాడు? నా తిప్పలు నేనే పడాలి.

విశాఖలో మంచం మీద పడున్న రోజుల్లో నాకెదురుగా గోడ మీద ఒక బొమ్మ ఉండేది. పొరపాటు జరిగితే మూడు రోజుల్లోపు ఒక్క మాత్ర వేసుకోవాలని, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదని దాని మీద రాసుంది. కుటుంబ నియంత్రణ సెంటర్లలో గాని, ఊరి ఆశా కార్యకర్త దగ్గర గాని దొరుకుతుందని కూడా ఉంది. చదవడానికి ఇంకేమీ లేక రోజూ అదే చదివేదాన్ని.

మా ఊరి ఆశా ఎవరో కాదు, మా ఆయన అక్క. మా వదిన. మావగారికి ఒక్కతే కూతురు. ఊళ్లోనే ఇచ్చారు, పక్క వీధిలోనే ఇల్లు. ఆ ఇంటికి తాళం పెట్టి, సంచీ అక్కడే పడేసి వచ్చి, తండ్రి దీపం పక్కన కూర్చుంది. నూనె పోయడానికి ఇంకొకరిని రానివ్వదు. కునుకు పట్టినా అక్కడే. ఊళ్లో అందరూ కడుపు సంగతులు ఆమెకే చెప్పుకుంటారు. నేను మాత్రం చెప్పలేను. ఆ మాత్ర అడగడమంటే, మీ నాన్న దీపం వెలుగుతుండగానే మీ తమ్ముడు మైల తప్పాడని ఆమె మొహం మీదే చెప్పడం.

ఆ రోజంతా పలకరింపులకి వచ్చిన జనం. వచ్చినవాళ్లు ఏడవడం, మేం ఏడవడం, వాళ్లకి మంచినీళ్లివ్వడం. నేను మావగారి కోసమే ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. కోడలంటే ఇలా ఉండాలని ఒక ముసలమ్మ నా తల నిమిరింది. గడప దాటే వీలు లేకుండానే పొద్దుగూకిపోయింది.

మర్నాడు పాప చెవి పట్టుకుని ఏడ్చింది. చూస్తే చీము. నా బిడ్డ నొప్పికి సంతోషించాల్సిన గతి పట్టింది నాకు. ఆస్పత్రికి తీసుకెళ్తానంటే అత్త కాదనలేదు.

"బేగి వచ్చీ. మైలింటి ఆడది ఎక్కడా కూకోకు" అంది.

వదిన లేవబోయింది. "నానూ వస్తానుండు. నర్సమ్మకి నాను సెప్తే గుంటని ముందు సూస్తాది."

"వద్దు వదినా, దీపం కాడ నువ్వుండాల" అన్నాను. అబద్ధం కాదు గనక గొంతు తడబడలేదు.

పక్క ఊరి ఆస్పత్రిలో నర్సమ్మ పాప చెవి తుడిచి చుక్కలమందు ఇచ్చింది. పని అయిపోయినా నేను కదల్లేదు. బల్ల మీద ముగ్గురు ముసలమ్మలు బీపీ చూపించుకోవడానికి కూర్చుని, నోళ్లు మూసుకుని చెవులు తెరుచుకుని ఉన్నారు. నేను నర్సమ్మ దగ్గరికి వంగి, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర కావాలన్నాను.

ఆమె నవ్వింది. "మీ ఊరివన్నీ మీ ఆశాకి ఇచ్చేశాను. ఆవిడ నీకు వదినే కదేటి? ఇంట్లో పెట్టుకుని ఇక్కడికొచ్చావా?"

"మైల కదండీ. సంచీ ముట్టుకోదు."

"అయితే పెద్దదినం అయ్యాక తీసుకో. తొందరేటి?"

రోజూ వేసుకునే మాత్రలు అడుగుతున్నాననుకుంది. తొందరేమిటో చెప్పాలంటే మొగుడు కర్మ పట్టి ఇంట్లో కూర్చున్నాడన్నది కూడా చెప్పాలి. వచ్చినప్పుడే పాపని చూసి పలకరించి, మావగారు పోయిన సంగతి, కొడుకు గుజరాత్ నుంచి వచ్చిన సంగతి ఆ ముసలమ్మలు కూపీ లాగేశారు. నేను నోరు తెరిస్తే సాయంత్రానికి రెండూళ్లకీ తెలుస్తుంది. చుక్కలమందు సీసా పట్టుకుని బయటికొచ్చి, గోడ చాటున నిలబడి ఏడ్చాను. పాప తన చెవికే ఏడుస్తున్నాననుకుని, "అమ్మా, తగ్గిపోనాది" అంది.

ఆ తర్వాతి రోజే మూడు రోజుల గడువులో ఆఖరిది. చుక్కలమందుతో తగ్గలేదని, శ్రీకాకుళంలో చెవి డాక్టరుకి చూపించమన్నారని అత్తకి చెప్పి, పాపని చంకనేసుకుని పాసింజరెక్కాను. ఎండుచేపల గంపలతో మా ఊరి ఆడవాళ్లు ఎప్పుడూ ఎక్కే పెట్టె వదిలి, కొంగు ముసుగేసుకుని చివరి పెట్టెలో కూర్చున్నాను. ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం ఆటో ఎక్కి, దారి అడుగుతూ అడుగుతూ కుటుంబ నియంత్రణ సెంటరుకి చేరాను.

ఆపరేషన్‌కి వచ్చినవాళ్లతో, వాళ్ల తల్లులతో, చంటిపిల్లలతో ఆ వరండా కిటకిటలాడుతోంది. లోపల బల్ల దగ్గర ఒకావిడ అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతోంది. కోపిష్టి కాదు పాపం, అలిసిపోయి ఉంది. నా వంతు వచ్చింది. ఈసారి సిగ్గు చంపుకుని, రోజూ వేసుకునేవి కాదని, జరిగిపోయాక వేసుకునేది కావాలని, ఈ రోజు దాటితే పనిచెయ్యదని గబగబా చెప్పాను. ఆమె నన్ను పరీక్షగా చూసింది.

"ఏ ఊరు?"

చెప్పాను.

"పిల్లలు?"

"ఒక్కర్తే."

"భర్త ఏం చేస్తాడు? ఊళ్లోనే ఉన్నాడా?"

ఎవరినైనా అడిగే మామూలు ప్రశ్నే. నా వెనక నిలబడ్డ ఆడవాళ్లలో మా సముద్రపొడ్డు వాళ్లు కూడా ఉన్నారు, మాట తీరుకే తెలుస్తోంది. ఉన్నాడు అంటే, ఎందుకొచ్చాడంటారు. తండ్రి పోయాడంటే, దినం అయిందా అంటారు. మైలలో పెళ్లాన్ని ముట్టిన కొడుకంటే మా వాళ్లలో బోటు మీద కూడా ఎక్కించుకోరు, సముద్రం ఊరుకోదంటారు. నా నోట్లోంచి ఒకటే మాట వచ్చింది.

"లేడండి. గుజరాత్‌లో ఉన్నాడు."

ఆవిడ కలం కింద పెట్టింది. "మరి?" అంది.

 వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లంజననిపించుకోవడానికి ఒప్పుకున్నాను గాని మొగుడు మైల తప్పాడని ఒప్పుకోలేకపోయాను. బయటి ఊళ్ల వాళ్లకి ఇది పిచ్చిలా కనిపిస్తుంది. మాలో పుట్టినవాళ్లకి అనిపించదు.

ఆవిడ మాత్రం తిట్టలేదు. గొంతు తగ్గించి, "భయపడకు. ఇక్కడ స్టాకు అయిపోయింది, మొత్తం ఊళ్లకి పంచేశాం. మీ ఆశా దగ్గర ఉంటుంది. నేను ఫోన్ చేస్తాను, సాయంత్రానికి నీ ఇంటికే తెచ్చిస్తుంది" అంది.

"వద్దండీ, ఆమెకి చెయ్యొద్దు" అని చెయ్యి పట్టుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుంది. నా మంచి కోసమే నా చెయ్యి విడిపించుకుని ఫోన్ కలిపింది. మీ ఊరి అమ్మాయే, చంకలో ఆడపిల్ల, చెవిలో దూది పెట్టుంది, భర్త గుజరాత్‌లో ఉన్నాడంట, ఈరోజే ఇవ్వాలి అని చెప్పింది.  అటునుంచి మా వదిన గొంతు, "అలాగేనండి" అంది.

నేను రోడ్డు మీద పడ్డాను. మందుల షాపు కనిపిస్తే వెళ్లి అడిగాను. అలాంటివి మేం అమ్మం, ఇది సంసారుల షాపు అన్నాడు. మాత్ర అడిగే నేను ఏ సన్నాసినో! మళ్లీ ఆమదాలవలస వచ్చి, స్టేషన్ దగ్గర షాపులో ధైర్యం చేసి నోరు తెరవబోయాను. ఆ షాపాయన పాపని చూసి, "నువ్వు ఎండుచేపల అమ్మగారి కోడలివి కాదూ? మీ మావ పోయాడంట కదమ్మా, ఎంత మంచోడు" అని కళ్లు తుడుచుకున్నాడు. మా అత్త అతనింటికి ఏళ్లుగా ఎండుచేపలు వాడుకగా ఇస్తుంది, నేనూ పాపా తనతో వెళ్లినవాళ్లమే. తలనొప్పి బిళ్ల కొనుక్కుని వచ్చేశాను.

రైల్లో పాప నా ఒళ్లో నిద్రపోయింది. నేను చస్తే ఈ పిల్లకి జడ ఎవరు వేస్తారు అన్న ఒక్క ఆలోచనే తిరిగి తిరిగి వచ్చింది. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఇంకెక్కడికి వెళ్లాలో తెలీలేదు.

ఉప్పుమళ్ల గట్టు మీద వదిన నిలబడి ఉంది. తండ్రి దీపం వదిలి వచ్చిందంటేనే నాకు అర్థమైంది. పలకరింపు లేకుండా నా ఎదురుగా వచ్చింది.

"నీ మొగుడు గుజరాత్‌లో ఉన్నాడని సెప్పినావంట. నా తమ్ముడు ఇంట్లో కర్మ పట్టి కూకున్నాడు. మరెవడే వోడు? సెప్పు."

నేను నిద్రపోతున్న పాపని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"మా నాన్న శవం లేచిన ఇంట్లోంచి గుంటని అడ్డమెట్టుకుని ఎవడికోసమెల్లినావే?" అని నా రెక్క పట్టుకుని ఊపింది. పాప లేచి ఏడుపు లంకించుకుంది.

ఒక్క క్షణం, అలాగే అనుకోనీ అనిపించింది. అది తేలిక. ఎవడో ఒకడి పేరు మీద నన్ను వెళ్లగొడతారు, అంతే కదా. కానీ వెళ్లగొట్టించుకోవడానికైనా ముందు బతికుండాలి. మాత్ర ఈమె దగ్గరే ఉంది.

"మీ తమ్ముడే" అన్నాను. "నాన్న కోసం ఏడిసీ ఏడిసీ నా కాడికి వచ్చినాడు. ఎలా సెప్పమంటావు వదినా? అందుకే లేడన్నాను. నాకు కడుపైతే సచ్చిపోతానని విశాఖలో సెప్పినారు. అత్తకి సెప్పలేదు, నీకూ సెప్పలేదు."

ఆమె చెయ్యి వదిలేసింది. గట్టు మీద కూలబడి, "నాన్నా, దీపం కాడ నానుండగానే" అంటూ నేల మీద అరచేతులతో కొట్టింది. తండ్రి పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. నేను పాపని సముదాయిస్తూ నిలబడ్డాను. దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఎప్పుడు?" అంది. చెప్పాను. ఇంకా ఈ రాత్రి దాకా టైముందని గొణుక్కుంటూ లేచి, తన ఇంటి వైపు నడిచింది. తాళం తీసి, మాత్రతో, సీసాలో నీళ్లతో తిరిగొచ్చింది. నా చేతికివ్వలేదు. గట్టు రాయి మీద పెట్టి పక్కకి జరిగింది.

"మింగు. కక్కితే ఇంకోటి లేదు."

ఆ సాయంత్రమంతా కడుపులో తిప్పుతూనే ఉంది. కక్కితే అయిపోయానన్న భయంతో పళ్లు బిగబట్టి, వంటపాకలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఎలాగో నిలిచింది. అది పనిచేసిందో లేదో మాత్రం నెలసరి రోజు వస్తే గాని తెలీదు. ఆలస్యంగా వేసుకున్న మాత్ర మీద భరోసా ఏముంటుంది? రోజూ లేవగానే వికారంగా ఉందా లేదా అని నన్ను నేనే పరీక్ష చేసుకునేదాన్ని. మా ఆయనకి అక్కే చెప్పిందో, తనకే అర్థమైందో, నా వైపు చూడడం మానేశాడు.

పెద్దదినం నాడు సముద్రపొడ్డున ముద్ద పెట్టారు. కాకి ముట్టాలి, ముట్టితే పోయినవాడు తృప్తిపడి వెళ్లినట్టు. మా ఒడ్డున కాకులకి కరువా? చేపలారబెట్టే చోట కర్రలు పట్టుకుని తోలుతుంటాం. ఆ రోజు ఒక్కటీ కిందికి దిగలేదు. ముద్ద ఎండకి బీటలు వారుతోంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మనసులో ఏదో ఉండిపోనాది, ఏటో మాటియ్యండిరా అన్నారు పెద్దలు. వలలు అమ్మనని మా ఆయన మాటిచ్చాడు. అక్కని చూసుకుంటానన్నాడు. కాకి రాలేదు.  వదిన ఒకసారి తమ్ముణ్ణి, ఒకసారి నన్ను చూసింది. కారణం మా ముగ్గురికే తెలుసునని మేం ముగ్గురం అనుకుంటున్నాం.

అప్పుడు అత్త లేచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని ముద్ద దగ్గరికి లాక్కెళ్లింది.

"ఓరయ్యా, నాకు తెలుసు నీ మనసు. నీ మనవడు నీ పేరెట్టుకుని వస్తాడు. వచ్చే ఏడికి దీని కడుపునే పుడతావు. మాటిస్తన్నాం, తిను" అని, కొడుకు వైపు తిరిగి, "నువ్వూ సెప్పరా" అంది.

ఆయన నా వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత చూడడం అదే. డాక్టరమ్మ మాట చెవులారా విన్న మనిషి. కాదంటాడని ఆయన పెదాల వైపే చూస్తున్నాను.

"మాటిస్తన్నాను నాన్నా" అన్నాడు.

కాకి దిగింది. ముద్ద పొడిచింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమని, ఆనందంతో నన్ను కౌగలించుకున్నారు. పున్నెం చేసుకున్నావే అన్నారు. నన్ను అడక్కుండా, నేను అక్కడ నిలబడి ఉండగానే, నా ప్రాణాన్ని చచ్చినవాడికి మాటిచ్చేశారు. కడుపు నిలిచిందో లేదో ఇంకా తెలీదు. నిలవకపోయినా రేపు మోయాలి. 

జనం ముందుకి వెళ్లాక, ఒడ్డుకి లాగి పెట్టిన తెప్ప చాటుకి వదిన నన్ను లాగింది. నా కళ్లలోకి చూడకుండా, సముద్రం వైపు చూస్తూ మాట్లాడింది.

"నాన్న ఇషయంలో నిన్నూ వోణ్ణీ నాను సచ్చిందాకా సమించను. సోమారం నాతో సెంటరుకి రా, కాపర్టీ ఏయిస్తాను. అమ్మకి తెలీనివ్వను."

ఆదివారం నాకు నెలసరి వచ్చింది. సోమవారం ఆమె నన్ను తీసుకెళ్లింది. రెండు మాటలూ నిలబెట్టుకుంది. ఇన్నేళ్లలో నా చేతి మంచినీళ్లు ముట్టలేదు, నేనెదురైతే పక్కకి తప్పుకుంటుంది. కాపర్టీ మార్పించుకోవాల్సిన ఏడు రాగానే మాత్రం, ఎవరో ఒకరి చేత నాకు కబురు పంపింది.